నీళ్లు, జిగురు కుదిరితేనే కుంచె: చైనా చిత్రకళ గురించి అపోహలు - వాస్తవాలు

చైనా సంప్రదాయ పద్ధతిలో బొమ్మలు నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది కుంచె ఎలా పట్టుకోవాలని. అడగాల్సిందే. కానీ కొత్తవాళ్ల బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది చేతి తప్పు వల్ల కాదు. కాగితం ఎంత నీరు పీలుస్తోంది, సిరాలో, రంగులో జిగురు (జంతువుల చర్మం నుంచి తీసే బంక) ఎంతుంది అనే రెండు లెక్కలు తప్పి పాడవుతాయి. కింద చెప్పే అపోహల్లో చాలావాటి వెనకున్నది ఈ రెండే.

అపోహ: చైనా బొమ్మంటే నాలుగు గీతలు, పది నిమిషాల పని

వెదురు ఆకులు, రొయ్యలు చకచకా గీసేసే వీడియోలు చూసినవాళ్లకి ఇలా అనిపించడం సహజం. అవి షియెయి పద్ధతివి, అంటే కొద్ది దెబ్బల్లో భావాన్ని పట్టేవి. పక్కనే గోంగ్‌బి అని, సన్నటి గీతలతో పొరలు పొరలుగా రంగు వేసే మరో పద్ధతి ఉంది. అందులో ఒక్క తామర రేకుకే రోజులు పడతాయి. ఈ రెంటినీ రెండు శత్రు వర్గాలుగా చూడనక్కర్లేదు. చిత్రకారుడు చి బైషి (1864-1957) ఒకే కాగితం మీద మొక్కని నాలుగు మోటు దెబ్బల్లో వేసి, దాని మీద వాలిన పురుగు రెక్కలో ఈనెలు కూడా లెక్కపెట్టగలిగేంత సన్నగా గీసేవాడు.

గోంగ్‌బి పని ఇలా నడుస్తుంది. ముందు వేరే కాగితం మీద చిత్తు బొమ్మ పూర్తిగా తేల్చుకోవాలి. దిద్దుబాట్లన్నీ అక్కడే అయిపోవాలి, ఎందుకంటే అసలు కాగితం మీద రబ్బరు పనికిరాదు. చిత్తు మీద పటిక పట్టించిన (నీరు పీల్చకుండా పటిక-జిగురు నీళ్లు పూసిన) కాగితం పరిస్తే కింది గీత కనిపిస్తుంది. సన్నటి వీజల్ (ముంగిసలాంటి జంతువు) వెంట్రుకల కుంచెతో దాన్ని సిరాలో ఎత్తుకోవాలి. ఆకులకు ముదురు సిరా, రేకులకు పల్చటి సిరా. అన్నిటికీ ఒకే నలుపు వాడితే తర్వాత ఎంత రంగు వేసినా రేకుల అంచులు తీగ చుట్టినట్టు కనిపిస్తాయి.

తర్వాత రంగు మెట్లు. ఒకే చేతిలో రెండు కుంచెలు పట్టుకుంటారు, ఒకటి రంగుది, ఒకటి నీళ్లది. రేకు మొదట్లో, ముదురుగా ఉండాల్సిన చోట, సుమారు మూడో వంతు మేర రంగు పెట్టి, వెంటనే వేళ్ల మధ్య కుంచె తిప్పి నీళ్ల కుంచెతో ఆ అంచుని బయటికి లాగాలి. నీళ్ల కుంచెని గుడ్డకి ఒత్తి, తడి మాత్రమే మిగలనివ్వాలి. నీళ్లు ఎక్కువైతే రంగు వెనక్కి తన్ని కాలీఫ్లవర్ ఆకారంలో మరక పడుతుంది. తక్కువైతే మధ్యలో గట్టి అంచు మిగులుతుంది. ఒక్కో పూత కంటికి ఆనీ ఆననంత పల్చగా ఉండాలి. ఇలా ఆరు నుంచి పది పూతలు పడతాయి, ప్రతి పూతా పూర్తిగా ఆరాకే తర్వాతది. తొందరపడి తడి మీదే వేస్తే కింది రంగు లేచిపోతుంది, కాగితం పైపొర కూడా నూగు లేస్తుంది. నాలుగైదు పూతల తర్వాత పల్చటి పటిక-జిగురు నీళ్లు ఒకసారి పూస్తే కింది రంగు కదలకుండా కూర్చుంటుంది.

అపోహ: ఏ పల్చటి చేతి కాగితమైనా సరిపోతుంది, అదంతా బియ్యం కాగితమే కదా

బియ్యానికీ దీనికీ సంబంధం లేదు. చైనా బొమ్మలకి వాడే అసలు కాగితం పేరు షువాన్, అది అన్‌హ్వే రాష్ట్రంలోని జింగ్ కౌంటీలో తయారవుతుంది. చింగ్‌తాన్ అనే చెట్టు బెరడు నార, వరిగడ్డి, ఈ రెండే దాని ముడిసరుకు. ఈ తయారీ విద్యకి 2009లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. బెరడు పాలు పెరిగేకొద్దీ కాగితం గట్టిపడుతుంది, ధరా పెరుగుతుంది. గడ్డి పాలు ఎక్కువుంటే మెత్తగా ఉండి సిరా త్వరగా పాకుతుంది. మామూలుగా దొరికే "నాలుగు చీ" (చీ అంటే చైనా అడుగు) కాగితం కొలత 69 × 138 సెంటీమీటర్లు.

అయితే కొనేటప్పుడు బెరడు శాతం కన్నా ముందు చూడాల్సింది కాగితం పచ్చిదా (ఏమీ పూయనిదా), పటిక పట్టించిందా అని. మూలన ఒక నీటిబొట్టు వేయండి. వెంటనే ఇంకి పాకితే పచ్చిది, షియెయికి అది. ముత్యంలా నిలిస్తే పటిక పట్టింది, గోంగ్‌బికి అది. పచ్చి కాగితం మీద గోంగ్‌బి రేకు వేయబోతే మొదటి గీతే వెంట్రుక మందం నుంచి పుల్ల మందానికి ఊరుతుంది. పటిక కాగితం మీద వెదురు వేస్తే సిరా పైపైన తేలి, గుంటలు కట్టి ఆరుతుంది. "నాకు చెయ్యి తిరగడం లేదు" అనేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది తప్పు కాగితం.

పచ్చి కాగితం కింద ఉన్ని దుప్పటి ముక్క పరచాలి. లేకపోతే తడి కాగితం బల్లకి అంటుకుని సిరా కింద మడుగు కడుతుంది. తడి మీద చూసిన నలుపు ఆరాక బాగా వెలుస్తుంది, కాబట్టి అనుకున్నదానికన్నా ఒక మెట్టు ముదురుగా వేయాలి. ఇంకొకటి: ఆరిన గీత మీద మరో గీత వేస్తే రెండోది మొదటిదాన్ని పూర్తిగా కప్పదు. మొదటి గీత చుట్టూ పాకిన జిగురు నీరు అడ్డుపడి మధ్యలో తెల్లటి సన్నగీత మిగులుతుంది. కొత్తవాళ్లు దాన్ని లోపం అనుకుంటారు. ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు ఆకుల్ని విడదీసి చూపేది ఆ తెల్లగీతే.

పటిక కాగితానికి వానాకాలం పడదు. తేమలో నెలల తరబడి ఉంటే పటిక అక్కడక్కడా విడిచేస్తుంది. రంగు వేసేదాకా బయటపడదు, వేశాక చుక్కలు చుక్కలుగా ముదురు మచ్చలు తేలతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉండేవాళ్లు పది పన్నెండు షీట్లకు మించి నిల్వ పెట్టుకోకపోవడం మేలు. మిగిలినవాటిని గాలి తగలని ప్లాస్టిక్ సంచీలో కట్టి ఉంచాలి. పటిక నీళ్లు సొంతంగా కలుపుకునేవాళ్లకి పాత లెక్క ఒకటుంది: ఏడు పాళ్లు జిగురు, మూడు పాళ్లు పటిక. జిగురు గోరువెచ్చటి నీళ్లలో, పటిక చన్నీళ్లలో విడివిడిగా కరిగించి, జిగురు చల్లారాక కలపాలి. వేడి జిగురులో పటిక పోస్తే ముద్దలు కడుతుంది. పటిక ఎక్కువైతే ఆరిన కాగితం మీద గాజు పొడిలా మెరుస్తుంది. అలాంటి కాగితం కొన్నేళ్లకి పెళుసై, మడత దగ్గర విరుగుతుంది.

అపోహ: సీసా సిరా వాడితే కల్తీ, సిరాకడ్డీ నూరితేనే అసలైన కళ

బీజింగ్‌లో 1865లో మొదలైన యీదెగే సీసా సిరాతో పెద్ద పెద్దవాళ్లు బొమ్మలు వేశారు. షియెయికి అది చక్కగా పనిచేస్తుంది. గోంగ్‌బి పల్చటి పూతలకి మాత్రం కడ్డీ (మసి, జిగురు కలిపి గట్టిపరచిన సిరా) నూరుకోవడమే మంచిది, సీసా సిరాలో జిగురు చిక్కగా ఉండి పూత పొరలు కడుతుంది. అసలు దూరం పెట్టాల్సింది మనకి స్టేషనరీ షాపుల్లో దొరికే వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంక్. అందులోని లక్క కుంచె మొదట్లో గట్టిపడితే ఆ కుంచె ఇక విచ్చుకోదు.

సిరా నూరే రాతి మీద ఒక టీస్పూన్ చన్నీళ్లు చాలు. కడ్డీ నిటారుగా పట్టి, బలం పెట్టకుండా, పది పదిహేను నిమిషాలు గుండ్రంగా తిప్పాలి. కడ్డీ వెళ్లిన దారి వెంటనే పూడకుండా కాసేపు నిలిస్తే సిరా తయారైనట్టు. గట్టిగా అదిమితే ముతక రేణువులు రాలి గీతలో గరుకు కనిపిస్తుంది. పని అయ్యాక కడ్డీ కొస తుడిచి పక్కన పెట్టాలి. రాతి మీదే నిలబెట్టి వదిలేస్తే తెల్లారేసరికి అతుక్కుపోతుంది. ఎండలో, ఏసీ గాలిలో పెడితే పగులుతుంది. నూనె దీపపు మసితో చేసిన కడ్డీ నల్లగా, వెచ్చగా, కాస్త మెరుపుతో వస్తుంది. పైన్ కట్టె మసిది మెరుపు లేకుండా కొంచెం నీలంగా ఉంటుంది. మొదటి కడ్డీ నూనె మసిదే కొనుక్కోండి.

రాత్రి మిగిలిన సిరా మర్నాడు వాడకూడదంటారు. కారణం ఉంది: జిగురు కుళ్లి, మసి గుంపులు కడుతుంది, వెనకాల కాగితం అతికించేటప్పుడు నీరు తగిలితే కారిపోతుంది. చిత్రకారుడు హువాంగ్ బిన్‌హాంగ్ (1865-1955) మాత్రం ఆ పాత సిరానే కోరి వాడి, నల్లని కొండల్లో ఇంకా నల్లని చోట్లు తెచ్చాడు. ఆ ఫలితం కావాలనుకుంటే వాడండి, సోమరితనంతో మాత్రం వద్దు.

అపోహ: అంతా నలుపే, రంగులు పేరుకే

ఆకుపచ్చ, నీలం ఖనిజాలతో వేసే ప్రకృతి దృశ్యాలది వెయ్యేళ్లకు మించిన పరంపర. అజురైట్ నీలం, మలకైట్ ఆకుపచ్చ రాళ్లని నూరి, నీళ్లలో తేర్చి, రేణువు పరిమాణాన్ని బట్టి వేరు చేస్తారు. ముతక రేణువు ముదురు, సన్నది లేత. వీటిని తెల్ల కాగితం మీద నేరుగా వేస్తే పచ్చిగా, పలచగా కనిపిస్తాయి. కింద ముందుగా నీలిమందు గానీ, నీలిమందు-పసుపు కలిపిన ఆకుపచ్చ గానీ పూత వేసి, దానిమీద రెండు మూడు పల్చటి పూతలు వేయాలి. పొడి రంగుకి జిగురు ఆ రోజుకి సరిపడా మాత్రమే కలపాలి. చాలకపోతే ఆరాక వేలికి అంటుతుంది, ఎక్కువైతే రంగు నల్లబడి పెచ్చులూడుతుంది. మిగిలిన రంగులో వేడినీళ్లు పోసి, రంగు అడుక్కి దిగాక పైనీరు వంచేసి జిగురు తీసేయాలి. జిగురు ఉంచేసి దాచుకున్న నీలం మసకబారుతుంది.

కుంచె మొన నాలుకతో సరిచేసుకునే అలవాటున్నవాళ్లు ఇక్కడ మానుకోవాలి. గాంబోజ్ పసుపు గట్టి విరేచనకారి, ఇంగిలీకం పాదరసపు ఖనిజం, హరిదళం ఆర్సెనిక్. సీసపు తెలుపు గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. పాత బొమ్మల్లో ముఖాలు నల్లబడి ఉండటానికి తరచు అదే కారణం. ఇప్పుడు టైటానియం తెలుపు వాడుకోవచ్చు.

అపోహ: ఖరీదైన కుంచెతోనే మంచి గీత

సన్నగీతకి ఒకటి, మేక వెంట్రుకల మెత్తటి కుంచెలు రెండు ఉంటే ఏడాది గడుస్తుంది. కొత్త కుంచెని వేడినీళ్లలో ముంచకండి, వెంట్రుకలు పట్టి ఉంచే బంక కరుగుతుంది.

అపోహ: సంప్రదాయ పద్ధతి అంటే పాతవాటికి నకళ్లు తీయడం, నేటి చిత్రకారుడికి పనికిరాదు

నకలు తీయడం నిజంగానే శిక్షణలో భాగం. ఆరో శతాబ్దపు కళా విమర్శకుడు షియె హె చిత్రకళకి చెప్పిన ఆరు సూత్రాల్లో చివరిది అదే. కానీ అక్కడే ఆగినవాళ్లు తక్కువ. చైనా చిత్రకారుడు షు బెయిహాంగ్ 1940లో మన దేశంలో ఉండగా వేసిన "కొండలు తొలిచిన మూర్ఖ వృద్ధుడు" చూడండి. కథ చైనాది, కుంచె, సిరా చైనావి, కొన్ని దేహాలకి మోడళ్లు మాత్రం భారతీయులు, శరీర నిర్మాణం పారిస్‌లో నేర్చుకున్నది. లియు గువోసోంగ్ ముతక నారలున్న కాగితం చేయించుకుని, సిరా వేశాక ఆ నారలు పీకేసి తెల్లగీతలు తెచ్చాడు, అంటే కుంచె లేకుండా గీత. 1963లో పుట్టిన షు లెయ్, 1983లో పుట్టిన హావో లియాంగ్ నేరుగా గోంగ్‌బి పూతలతోనే పనిచేస్తున్నారు, హావో లియాంగ్‌ది ఎక్కువగా పట్టు మీద. చిత్రకారుడు వు గ్వాన్‌జోంగ్ 1992లో "కుంచె-సిరా విలువ సున్నా" అని రాసినప్పుడు లేచిన గొడవ ఇంకా చల్లారలేదు. బొమ్మలోని భావంతో తెగిపోయిన నైపుణ్యానికి విలువ లేదన్నదే ఆయన మాట. దాన్ని నైపుణ్యమే వద్దన్నాడని చదవడం తప్పు.

అపోహ: మన వాష్ పద్ధతీ ఇదీ ఒకటే

మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ నేర్పగా తెలుగు చిత్రకారులకి అందిన వాష్, కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ చిత్రకారులని చూసి రూపొందించుకున్నది. అందులో రంగు వేసిన కాగితాన్ని మళ్లీ మళ్లీ నీళ్లలో ముంచుతారు. పచ్చి షువాన్ కాగితాన్ని అలా ముంచి లేపితే చేతిలో చిరిగిపోతుంది.

అపోహ: బొమ్మ ముడతలు పడిందంటే పాడైనట్టే, ఫ్రేమ్ కట్టి అదిమేస్తే సరి

సిరాలోని జిగురు ఆరుతూ కాగితాన్ని లాగుతుంది, ముడత పడటం మామూలే. దాన్ని తీసేది వెనకాల మరో కాగితం అతికించే పని. ఫెవికాల్ వాడితే రేపు బొమ్మని విడదీయడం ఎవరివల్లా కాదు. గోధుమ గంజి వాడాలి, పోస్టర్లు అంటించే మైదా పేస్టు కాదు. మైదా ముద్దని నీళ్లలో పిసికి, సాగే బంకని తీసేసి, అడుక్కి దిగిన తెల్లటి పిండిని మాత్రమే ఉడికించాలి. ఆ బంక మిగిలితే బూజు, పురుగులు పడతాయి. ఉడికిన గంజిని చల్లార్చి, పల్చటి పాలంత అయ్యేదాకా నీళ్లు కలపాలి. బొమ్మని తిరగేసి, నీళ్లు జల్లి, మధ్య నుంచి అంచులకి గంజి పూసి, పైన కాగితం పరిచి బ్రష్‌తో గాలి బుడగలు తీయాలి. అంచులకి మాత్రం చిక్కటి గంజి రాసి, చెక్క పలకకి అంటించి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఫ్యాన్ గాలి పెడితే ఒక పక్క ముందు ఆరి, మధ్యలో చీలుతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఎర్ర రంగు ఉన్న ఒక మూల తడి దూది ఆనించి చూడండి. రంగు దూదికి అంటితే, ముందు పల్చటి పటిక-జిగురు నీళ్లు జల్లి ఆరబెట్టాకే గంజి జోలికి వెళ్లండి.