తపాలా పాఠాల నుంచి ఆన్‌లైన్ డిగ్రీల దాకా

ఆన్‌లైన్ ఉన్నత విద్య గురించి మాట వచ్చినప్పుడల్లా ఇంటర్నెట్ వేగం, యాప్‌లు, కృత్రిమ మేధ వంటి కొత్త సంగతులే ముందుకు వస్తాయి. కానీ ఈ రంగాన్ని ఇప్పటికీ వేధిస్తున్న రెండు సమస్యలు, అంటే చేరినవారు మధ్యలో మానేయడం, పరీక్ష రాసింది ఎవరో నమ్మకంగా చెప్పలేకపోవడం, కంప్యూటర్ పుట్టకముందు నుంచీ ఉన్నవే. పాఠాన్ని దూరానికి పంపే ఖర్చు తరతరానికీ తగ్గుతూ వచ్చింది. విద్యార్థి రాసినదాన్ని చదివి, తప్పు దిద్ది, వెన్నంటి ఉండే మనిషికయ్యే ఖర్చు మాత్రం పెద్దగా తగ్గలేదు.

బ్రిటన్‌లో 1840లో పెన్నీ పోస్టు మొదలై, ఒక్క పెన్నీ స్టాంపుతో దేశంలో ఏ మూలకైనా ఉత్తరం చేరే వీలు కలిగింది. దాని ఆసరాతోనే ఐజాక్ పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ నేర్పారు. విద్యార్థులు బైబిలులోని చిన్న భాగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి పంపితే, వాటిని దిద్ది తిరుగు టపాలో పంపేవారు. 1858లో లండన్ విశ్వవిద్యాలయం, తరగతులకు హాజరు కాకపోయినా పరీక్షలు రాసి డిగ్రీ పొందే అవకాశాన్ని ఇచ్చింది. అయితే బయటి అభ్యర్థులకు అది పరీక్ష పెట్టేదే గానీ పాఠం చెప్పేది కాదు. మొదటిదానిలో దిద్దుబాటు ఉంది, డిగ్రీ లేదు. రెండవదానిలో డిగ్రీ ఉంది, దిద్దేవారు లేరు. రెండూ పెద్ద ఎత్తున ఒకచోట కలవడానికి చాలా కాలం పట్టింది.

ఆ కలయికకు బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీని మంచి ఉదాహరణగా చెప్పవచ్చు. హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వ కాలంలో, మంత్రి జెన్నీ లీ పట్టుదల వల్ల 1969లో దానికి రాయల్ చార్టర్ (విశ్వవిద్యాలయంగా నడిచేందుకు రాణి ఇచ్చే అధికార పత్రం) లభించింది. 1971లో 20,000కు పైగా విద్యార్థులతో బోధన మొదలైంది. చేరడానికి ముందస్తు అర్హతలేవీ అడగలేదు. బీబీసీలో అర్ధరాత్రి దాటాక వచ్చే దాని పాఠాలే జనానికి గుర్తుండిపోయాయి గానీ, అసలు బలం అచ్చు పుస్తకాలలోనూ, విద్యార్థి అసైన్‌మెంట్‌ను చదివి వ్యాఖ్యలు రాసి పంపే ట్యూటర్లలోనూ ఉంది. 2006లో ఆ ప్రసారాలు ఆగిపోయినా విశ్వవిద్యాలయానికి ఏమీ కాకపోవడమే ఇందుకు రుజువు. హైదరాబాదులో 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో వచ్చిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ బాటలో నడిచినవే.

దూరవిద్యపై అనుమానం కూడా ఇంతే పాతది. ఉత్తరాల ద్వారా చదువు చెబుతామంటూ ప్రభుత్వ ఆర్థిక సహాయాన్ని దండుకున్న సంస్థలను అడ్డుకోవడానికి, సగానికి మించి కోర్సులను దూరం నుంచి బోధించే కళాశాలలకు ఆ సహాయం దక్కకుండా అమెరికా 1992లో నిబంధన పెట్టింది. 2006లో ఆన్‌లైన్ కోర్సుల వరకు దాన్ని ఎత్తివేయడంతో పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే డిగ్రీలకు దారి తెరుచుకుంది.

2001లో ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతామని ప్రకటించినప్పుడు, ఇది సామగ్రి మాత్రమేననీ, డిగ్రీ కాదనీ స్పష్టంగానే చెప్పింది. పదేళ్ల తర్వాత ఆ జాగ్రత్త కనిపించలేదు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ కోర్సును అందరికీ తెరిస్తే సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. మరుసటి ఏడాదికల్లా ఇలాంటి కోర్సులను ఇంటర్నెట్‌లో అందించే యుడాసిటీ, కోర్సెరా, ఎడ్‌ఎక్స్ సంస్థలు రంగంలోకి దిగాయి. విశ్వవిద్యాలయాల రోజులు దగ్గరపడ్డాయన్న మాటలూ మొదలయ్యాయి. ఆ ఉత్సాహం నిలవలేదు. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ 2013 ఆరంభంలో యుడాసిటీతో కలిసి ప్రారంభించిన, డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్ కోర్సులలో ఉత్తీర్ణత బాగా తక్కువగా ఉండటంతో ఆ వేసవిలోనే వాటిని నిలిపివేసింది. హార్వర్డ్, ఎంఐటీల ఉచిత కోర్సులపై 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా కోర్సులోకి అడుగే పెట్టలేదు. 2017–18లో పూర్తి చేసినవారు సుమారు 3 శాతం. ధ్రువపత్రం కోసం డబ్బు కట్టినవారిలో మాత్రం అది 46 శాతం. ఉచితం కాబట్టి చేరినవారినీ, అవసరం ఉండి చేరినవారినీ ఒకే గాటన కట్టి లెక్క చూడటం సరికాదని ఈ తేడా చెబుతుంది.

నిలదొక్కుకున్న ప్రయోగం మరోలా సాగింది. జార్జియా టెక్ 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ డిగ్రీకి మొత్తం ఫీజు సుమారు 7,000 డాలర్లే. అయితే అసైన్‌మెంట్లు దిద్దడానికి, సందేహాలు తీర్చడానికి పెద్ద సంఖ్యలో బోధనా సహాయకులను పెట్టుకుంది. 2016లో అక్కడి ఆచార్యుడు అశోక్ గోయల్ తన కోర్సులో ‘జిల్ వాట్సన్’ అనే ప్రోగ్రామును సహాయకురాలిగా ప్రవేశపెట్టారు. చర్చావేదికలో జవాబులిస్తున్నది మనిషి కాదని విద్యార్థులకు ముందుగా చెప్పలేదు. గడువు తేదీల వంటి మామూలు ప్రశ్నలకు అది చక్కగానే పనికొచ్చింది.

ఇంకోవైపు, విశ్వవిద్యాలయం పేరు మీద ఆన్‌లైన్ డిగ్రీని నడిపిపెట్టి ఫీజులో వాటా తీసుకునే కంపెనీలు పెరిగాయి. ఫీజులో సగందాకా వాటికే పోతే, బోధన కంటే విద్యార్థులను చేర్చుకునే ప్రచారానికే ఎక్కువ ఖర్చవుతోందన్న విమర్శ వచ్చింది. అలాంటి కంపెనీల్లో ఒకటి, 2021లో ఎడ్‌ఎక్స్‌ను 80 కోట్ల డాలర్లకు కొన్న టూయూ సంస్థ 2024లో దివాలా రక్షణ కోరింది.

2020లో కోవిడ్ వల్ల దాదాపు అన్ని విశ్వవిద్యాలయాలూ కొద్ది రోజుల్లోనే తెర మీదికి మారాయి. దాన్ని ఆన్‌లైన్ విద్య అనడం కంటే అత్యవసర ఏర్పాటు అనడం న్యాయం. ఆ హడావిడిలో పరీక్షల కోసం తెచ్చిన ప్రాక్టరింగ్ (కెమెరా ద్వారా దూరం నుంచి నిఘా పెట్టే) పద్ధతులు విద్యార్థుల పడకగదుల దాకా వెళ్లాయి. పరీక్షకు ముందు కెమెరాతో గది అంతా చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని అమెరికాలోని ఒహియో ఫెడరల్ కోర్టు 2022 ఆగస్టులో, ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది.

అదే ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్ దూరవిద్యకు ఆయువుపట్టు. అది విద్యార్థి సొంతంగా రాసినదేనా అన్న సందేహం ఇప్పుడు ప్రతి కోర్సులోనూ ఉంది. కృత్రిమ మేధతో రాసినదాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ నిర్దోషులను కూడా పట్టిస్తుండటంతో దాని మీద ఆధారపడటం కష్టమైంది. మిగిలినవి రెండు మార్గాలు: వీడియోలో మౌఖిక పరీక్ష, లేదా పర్యవేక్షణ ఉన్న పరీక్షా కేంద్రం. మొదటిది అధ్యాపకుల సమయాన్ని తినేస్తుంది, రెండవది ఉన్నచోట నుంచి కదలలేకనే ఆన్‌లైన్ చదువును ఎంచుకున్నవారికి భారమవుతుంది. ఏది ఎంచుకున్నా ఫీజు తగ్గించే వీలు మాత్రం సన్నగిల్లుతుంది.