బరువు కంటే ముందే దిగిన షుగర్

అమెరికాలోని నార్త్ కరోలినాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ 1980ల నుంచి బాగా లావుగా ఉన్నవారికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేసేవారు. బరువు తగ్గించడానికే ఆ ఆపరేషన్. కానీ షుగర్ ఉన్నవాళ్లలో ఒక వింత కనిపించింది. ఒళ్లు ఇంకా పెద్దగా తగ్గనేలేదు, కొద్ది రోజుల్లోనే షుగర్ దిగిపోతోంది. ఆయన బృందం 1995లో లెక్కలు బయటపెట్టింది. టైప్ 2 షుగర్ ఉన్న 146 మందిలో 121 మందికి గ్లూకోజ్ మామూలు స్థాయికి వచ్చి నిలిచింది. 'ఇలా జరుగుతుందని ఎవరనుకున్నారు?' అనే అర్థం వచ్చేలా ఆ పరిశోధన పత్రానికి పేరు పెట్టారు.

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, నేరుగా చిన్నపేగు మధ్యలోకి కలుపుతారు. తిండి బాగా తగ్గుతుంది కాబట్టి లివర్‌లో పేరుకున్న కొవ్వు ముందు కరుగుతుంది. దాంతో లివర్ అవసరానికి మించి గ్లూకోజ్ వదలడం తగ్గుతుంది. ఇంతవరకూ కడుపు మాడ్చుకున్నా జరిగేదే. అసలు విశేషం పేగుల్లో ఉంది. తిన్నది పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. ఇన్సులిన్ వదలమని క్లోమానికి (పాంక్రియాస్) కబురు పెట్టేది అదే. షుగర్‌కూ, బరువు తగ్గడానికీ వాడుతూ ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ అనుకరించేదీ ఈ హార్మోన్‌నే. అంటే పేగు తిన్నదాన్ని అరిగించే గొట్టం మాత్రమే కాదు, షుగర్ విషయంలో దానికీ పెత్తనం ఉంది.

అలాగని షుగర్ 'పోయింది' అనడం తొందరపాటు. స్వీడన్‌లో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో, బైపాస్‌తో పాటు బరువు తగ్గించే రకరకాల ఆపరేషన్లు అయిన షుగర్ రోగుల్లో, రెండేళ్లకు 72 శాతం మందిలో షుగర్ అణిగి ఉంది. పదిహేనేళ్లకు ఆ సంఖ్య సుమారు 30 శాతానికి పడిపోయింది. జబ్బు వచ్చి తక్కువ కాలమైనవారికి ఫలితం బాగుంటుంది. ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవారికి క్లోమం అప్పటికే అలసిపోయి ఉంటుంది, మేలు తక్కువ. మనమేమో అన్ని మందులూ అయిపోయాకే సర్జరీ మాట ఎత్తుతాం. నా దృష్టిలో ఇది తలకిందుల వరస.

2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, మందులతో షుగర్ అదుపులోకి రాకపోతే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 30 దాటినవారికి కూడా ఈ ఆపరేషన్‌ను పరిశీలించవచ్చు. మనలాంటి ఆసియావాసులకైతే 27.5 చాలు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి అది దాదాపు 75 కిలోలు. అలాంటివాళ్లను మన ఇళ్లలో 'కాస్త ఒళ్లు చేశాడు' అంటామే తప్ప లావంటామా?

ఇదేమీ చిన్న ఆపరేషన్ కాదు. బీ12, ఐరన్ లాంటివి జీవితాంతం వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. బైపాస్ అయినవారిలో కొందరికి పెళ్లి భోజనంలో రెండు జిలేబీలు తిన్నా గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం మొదలవుతాయి.