స్టీవీ రే వాన్ టోన్, పదమూడు గేజ్ తీగలు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక కుర్రాడు మణికట్టుకి క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని క్లాసుకి వచ్చాడు. ఏమైందని అడిగితే, "స్టీవీ రే వాన్ 13 వాడాడు కదా సార్, నేనూ అవే వేయించాను" అన్నాడు. వాన్ టెక్సస్‌లో పుట్టిన అమెరికన్ బ్లూస్ గిటారిస్టు. 13 అంటే మొదటి తీగ మందం, అంగుళంలో వెయ్యింట పదమూడు వంతులు; ఆ కొలతనే గేజ్ అంటారు. బ్లూస్ గిటార్ నేర్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏటా ఇద్దరు ముగ్గురి నోట ఇదే మాట. నాకు కోపం ఈ పిల్లల మీద కాదు, లావు తీగ వేస్తేనే లావు శబ్దం వస్తుందని ఊదరగొట్టేవాళ్ళ మీద.

వాన్ 13 గేజ్ వాడిన మాట నిజమే. మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆయన గిటార్‌ని అర స్వరం దించి E ఫ్లాట్ శ్రుతి‌లో పెట్టుకునేవాడు. అక్కడే బిగువు పదో వంతుకు పైగా తగ్గుతుంది. మీరేమో మామూలు ట్యూనింగ్‌లోనే 9 తీసి 13 వేస్తారు. మొదటి తీగ బిగువు రెట్టింపు దాటిపోతుంది. రెండేళ్ళు కూడా వాయించని చెయ్యి దాన్ని బెండ్ చేస్తే, అంటే వేలితో పక్కకి లాగితే, నొప్పి రాక ఏమవుతుంది? వాన్‌కే వేళ్ళ చర్మం లేచిపోతే సూపర్ గ్లూతో అతికించుకునేవాడు. తర్వాత ఆయనా సన్నటి తీగలకు దిగాడు.

అదే టెక్సస్‌లో పుట్టిన గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ 7 గేజ్‌తో వాయిస్తాడు. బ్లూస్ దిగ్గజం బీబీ కింగ్‌ది 10. వాళ్ళ టోన్ పల్చగా ఉందని ఎవరైనా అనగలరా?

వాన్ బలమంతా కుడిచేతిలో ఉంది. ఎడమచేత్తో అక్కర్లేని తీగల్ని మోగకుండా మూసేసి, కుడిచేత్తో అన్నిటినీ కలిపి బాదేవాడు. వెనక క్రిస్ లేటన్ డ్రమ్స్ మీద షఫుల్ (బ్లూస్‌లో ఊగే లయ), టామీ షానన్ బేస్ కదలకుండా నిలబడేవి. వాళ్ళ బ్యాండ్ 'డబుల్ ట్రబుల్' లేకుండా ఆ శబ్దం లేదు.

పంతొమ్మిదేళ్ళప్పుడు నేనూ 12 వేయించాను. షాపువాడు నెక్ లోపల దాన్ని నిటారుగా ఉంచే ఇనప కడ్డీని (ట్రస్ రాడ్) సరిచేయలేదు, నెక్ వంగింది. అది బాగుచేయించుకున్నాను గానీ ఉంగరం వేలి నొప్పి నాలుగు నెలలు పోలేదు. కాలేజీ ప్రోగ్రాంలో నా చోట ఇంకొకడు వాయిస్తుంటే కింద కూర్చుని విన్నాను. ఆ బాధ ఇంకా గుర్తుంది.

ఇప్పటికే నొప్పి మొదలైనవాళ్ళు టెన్షన్ పడకండి. ముందు వాయించడం ఆపండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. తర్వాత 9 గానీ 10 గానీ వేసుకుని అర స్వరం దించి మొదలుపెట్టండి. ఆ కుర్రాడికీ ఇదే చెప్పాను. ఇప్పుడు షఫుల్ ఒక్కటే అరగంట సాధన చేస్తున్నాడు.

ఇక వాన్ గురించి మిగతా అపోహలు. బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ వల్లే వాన్ పైకొచ్చాడంటారు. 1982లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ జాజ్ ఉత్సవంలో జనం గేలి చేసినప్పుడు బౌవీ అక్కడ ఉండటం అదృష్టమే. కానీ అప్పటికి వాన్ పదేళ్ళుగా ఆస్టిన్ క్లబ్బుల్లో వాయిస్తున్నాడు. ఆ తర్వాత బౌవీతో టూర్‌కి వెళ్ళే అవకాశం వదులుకుని సొంత బ్యాండ్‌తోనే ఉన్నాడు. 1983లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ని కొద్దిరోజుల్లోనే రికార్డు చేసేశారు.

మందు, కొకైన్ ఉంటేనే బ్లూస్ పలుకుతుందనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. 1986లో యూరప్ టూర్ మధ్యలో కుప్పకూలి చికిత్సకు వెళ్ళాడు వాన్. గ్రామీ అందుకున్న 'ఇన్ స్టెప్' ఆల్బమ్ 1989లో, అన్నీ మానేశాక చేసింది. 1990 ఆగస్టు 27న విస్కాన్సిన్‌లో కచేరీ ముగించుకుని హెలికాప్టర్ ఎక్కి, ఆ ప్రమాదంలో పోయేనాటికి దాదాపు నాలుగేళ్ళుగా ఒక్క చుక్క ముట్టలేదు.