చెత్త పన్ను: వచ్చిన దారి, పోయిన దారి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా మేనత్త వంటింటి అరలో మూడు ప్లాస్టిక్ బుట్టలు వరసగా ఉంటాయి. పచ్చదాంట్లో చింతపండు, నీలందాంట్లో ఎర్రగడ్డలు, ఎర్రదాంట్లో బట్టల సబ్బులు. మూడూ ప్రభుత్వం ఇచ్చినవే. తడి చెత్తకు పచ్చది, పొడి చెత్తకు నీలం, డైపర్లూ బ్యాటరీల లాంటివాటికి ఎర్రది అని చెప్పి మరీ ఇచ్చారు. "ఇంత మంచి బుట్టల్లో చెత్త ఎవురన్నా ఏస్తారా నాయనా" అంటుంది ఆమె.

ఆ బుట్టల వెనకే నెలనెలా కట్టాల్సిన రుసుమూ వచ్చింది. కాగితాల మీద దాని పేరు యూజర్ ఛార్జీ. జనం నోట్లో చెత్త పన్ను. ఇప్పుడు బుట్టలు మిగిలాయి, పన్ను పోయింది. మన దగ్గర ఒకసారి పుట్టిన పన్ను మూడేళ్ళకే చావడం అరుదు. అందుకే దీని పుట్టుక కాస్త తవ్వి చూడదగ్గది.

చెత్త ఎత్తడానికి జనం దగ్గర డబ్బు తీసుకోవడం కొత్తేం కాదు. నెల్లూరు మునిసిపాలిటీ 1866లో, ఒంగోలు మునిసిపాలిటీ 1876లో ఏర్పడ్డాయి. 1965 నాటి రాష్ట్ర మునిసిపాలిటీల చట్టం తీస్తే ఇంటి పన్ను ఒకే ముద్దగా కనపడదు. సాధారణ పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను, వాటి పక్కనే పారిశుద్ధ్య పన్ను. కార్పొరేషన్లకు వర్తించే చట్టంలోనూ కన్సర్వెన్సీ పన్ను అని, అంటే పారిశుద్ధ్యానికే, ఒకటుంది. కాబట్టి "ఇంటి పన్ను కడతానే ఉండాం గదా, మళ్ళా ఇదేంది?" అని 2021లో వీధి వీధినా వినపడిన ప్రశ్నను వట్టి సణుగుడని కొట్టేయలేం. దానికి చట్టంలోనే కాళ్ళున్నాయి.

అయితే ఆ చట్టం రాసిన రోజుల్లో చెత్త వేరు. పేడ, పొయ్యి బూడిద, విస్తరాకులు, కూరల తొక్కలు. దిబ్బలో పడేస్తే ఏడాది తిరిగేసరికి ఎరువయి బండ్ల మీద చేలోకి పోయేది. పాల కవరు, షాంపూ ప్యాకెట్టు, థర్మాకోల్ ప్లేటు వచ్చాక దిబ్బ కాస్తా డంపింగ్ యార్డయింది. చేలోకి పోయేది ఏమీ లేకుండా పోయింది.

ఈ మార్పు మీద దేశంలో గట్టి కదలిక కోర్టు దారిన వచ్చింది. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితమే 2000లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు. అందులో భారమంతా మునిసిపాలిటీల మీదే. 2016 ఏప్రిల్‌లో కేంద్రం వాటిని తిరగరాసి, ఇంటివాళ్ళకూ పని చెప్పింది. చెత్తను మూడు రకాలుగా విడదీసి ఇవ్వాలి, స్థానిక సంస్థ తన బైలాలో, అంటే తాను రాసుకున్న నియమాల్లో, పెట్టిన రుసుము కట్టాలి. అంటే ఎంత తీసుకోవాలి, ఎవరిని వదిలేయాలి అన్నది ఊరి కౌన్సిల్ బల్ల మీద తేలాల్సిన విషయం.

తేలిందా? ఇక్కడే కథ వంకర తిరిగింది.

ఈ చెత్త పన్ను తెచ్చిన రాష్ట్ర పథకం పేరు క్లీన్ ఆంధ్రప్రదేశ్, పొట్టి పేరు క్లాప్. 2021 అక్టోబరు 2న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి విజయవాడలో చెత్త బండ్లకు జెండా ఊపారు. ఊరి స్థాయిని బట్టి, పేటను బట్టి ఇంటికి నెలకు 30 నుంచి 120 రూపాయల దాకా రేటు. దుకాణాలకు, హోటళ్ళకు వేరే లెక్క. ఆ గాంధీ జయంతి నాటికి నెల్లూరు కార్పొరేషన్‌కు ఎన్నికైన పాలకవర్గమే లేదు. పాతవాళ్ళ గడువు 2019లోనే తీరింది, తర్వాత పాలన ప్రత్యేకాధికారిది. ఎన్నికలు నవంబరు 15న జరిగాయి, 54 డివిజన్లకు 54 అధికార పార్టీకే పోయాయి. లేచి అడగడానికి ఎదుటి వరసలో మనిషి లేడు. ఒంగోలులో ఆ ఏడాది మార్చిలోనే పాలకవర్గం వచ్చింది. 2012లో కార్పొరేషన్ అయిన తొమ్మిదేళ్ళకు దొరికిన మొదటి కౌన్సిల్ అది. అయినా రేటు పట్టిక పైనుంచి వచ్చేటప్పుడు కింద కౌన్సిల్ చేసేది వేలిముద్ర పనే. ఏ పార్టీ పాలనలోనైనా ఇంతే అనుకోండి.

పైగా అదే ఏడాది ఇంటి పన్ను లెక్క కూడా మారింది. అంతకు ముందు అద్దె విలువ మీద కట్టేవాళ్ళం, అప్పటి నుంచి ఆస్తి మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం ఎంత ఖరీదు చేస్తాయన్న లెక్క మీద. రెండు నోటీసులూ దగ్గర దగ్గరగా గుమ్మం తొక్కేసరికి జనానికి రెండూ ఒకే బాదుడుగా కనపడ్డాయి. రుసుము కాస్తా పన్నయింది అందుకే.

నన్నడిగితే, అరవై రూపాయలో నూట ఇరవయ్యో అన్నది అసలు తగాదా కాదు. రాత్రి కూర్చుని తడీ పొడీ విడదీసిన ఇల్లాలికీ, అంతా ఒకే కవర్లో కుక్కి గోడ మీంచి విసిరేసినవాడికీ రేటు ఒకటే. విడదీస్తే తగ్గేదీ లేదు, కలిపేస్తే పెరిగేదీ లేదు. నేను అద్దెకున్న ఓ చిన్న పట్టణంలో చెత్త బండికి రెండు అరలుండేవి. మొదటి నెల కార్మికురాలు నా రెండు బుట్టలూ వేరువేరుగా వంచింది. రెండో నెల నుంచి రెండూ ఒక అరలోకే. అడిగితే, "అక్కడికి పొయ్యాక అంతా ఒకటేలే సార్" అంది. ఆ మర్నాటి నుంచి నేనూ ఒక బుట్టే బయట పెట్టాను.

ఇంకో పక్క, అదే వీధిలోకి మూడు చక్రాల బండి తొక్కుకుంటూ వచ్చే పాత సామాన్లాయన ఉన్నాడు. పేపర్లు, అట్టపెట్టెలు, ఇనప ముక్కలు తూకం వేసుకుని మనకే డబ్బిస్తాడు. ఒకప్పుడు ఎర్రగడ్డలు ఇచ్చేవాడు. ధర పలికే సరుకంతా గుమ్మం దగ్గరే ఆయన బండెక్కుతుంది. మిగిలినదాంట్లో పనికొచ్చే సీసాలను వీధి మలుపులో ఏరుకునేవాళ్ళు ఏరుకుంటారు. మునిసిపాలిటీ బండికి దక్కేది ఎవరూ కొననిది: బరువులో సగం పైచిలుకు తడి చెత్త, ఆ పైన నూనె మరకల కవర్లు. రీసైక్లింగ్ చేస్తే డబ్బొస్తుంది కదా, మళ్ళీ రుసుమెందుకు అనేవాళ్ళు చూడని లెక్క ఇది. ఆ మాట ఆనాడు ఏ బండి మైకులోనూ వినపడలేదు, పాట మాత్రం వినపడింది.

2024 ఎన్నికల్లో చెత్త పన్ను రద్దు ఒక హామీ. ఆ అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు రద్దు ప్రకటించారు. అదే నెలలో మంత్రివర్గం ఆమోదించింది, ఏడాది చివరికల్లా తంతు పూర్తయింది. పురపాలక మంత్రి నారాయణ మన నెల్లూరు సిటీ ఎమ్మెల్యేనే. పెట్టడం ఎలా పైనుంచి జరిగిందో తీసేయడమూ అలాగే జరిగింది. ఈసారి కౌన్సిళ్ళను ఎందుకు అడగలేదని మాత్రం ఎవరూ గొడవ చేయలేదు.

పన్ను పోయింది గానీ బండి డీజిలు, కార్మికుల జీతం పోలేదు. 2021–26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం మన స్థాయి పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం ఫలానా పనికే అని ముడిపెట్టిన డబ్బు, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. తక్కిన ఖర్చు పట్టణం సొంత ఖజానా నుంచి, అంటే మళ్ళీ ఆ ఇంటి పన్ను నుంచే. 1965 చట్టం దగ్గరికే తిరిగొచ్చాం.

2025 ఫిబ్రవరి 15న స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి ముఖ్యమంత్రి కందుకూరు వచ్చారు. అంతకు ముందు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో నెల్లూరు జిల్లాలోకి మారిన ఊరది. అంతకు రెండు నెలల ముందే, రాష్ట్రంలో రద్దు పని ముగింపుకొస్తున్న ఆ డిసెంబరులోనే, ఢిల్లీలో కేంద్రం కొత్త నిబంధనల ముసాయిదా విడుదల చేసింది. అందులో చెత్త మూడు రకాలు కాదు, నాలుగు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేకంగా చూడాల్సినది. రుసుము మాట అందులోనూ ఉంది.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఈ సంగతి మేనత్తకు చెప్పాను. రుసుము గురించి ఆమె పట్టించుకోలేదు. "నాలుగోది ఏం రంగంట?" అంది. మినప్పప్పుకు డబ్బా చాలడం లేదట.