డికెన్స్‌కు పదాల లెక్కన ఎవరూ డబ్బివ్వలేదు: విక్టోరియన్ సాహిత్యంపై అపోహలు, వాస్తవాలు

డిగ్రీ, ఎం.ఏ. విద్యార్థులకు ఇరవై ఏళ్లకు పైగా విక్టోరియన్ నవల, అంటే విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో వచ్చిన నవల, పాఠం చెబుతున్నాను. ఈ కాలంలో సిలబస్ ఎన్నోసార్లు మారింది, వార్షిక పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి గానీ, ప్రతి ఏడూ మొదటి వారంలో నాకు వినిపించే మాట మాత్రం మారలేదు: "సార్, డికెన్స్‌కు పదానికి ఇంత అని ఇచ్చేవారట కదా, అందుకే అంత సాగదీశాడట." సరదాకు అన్న మాటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ దాని వెనకే రెండో మాట వస్తుంది. డబ్బు కోసం సాగదీసిన పుస్తకాన్ని మొత్తం చదవడం దేనికి, గైడులో సారాంశం చూసుకుంటే చాలదా అని. ఎం.ఏ. పట్టా చేతికి వచ్చేనాటికి ఒక్క విక్టోరియన్ నవలనైనా మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవని వాళ్లు నా దగ్గరే ఎందరో తయారయ్యారు. అందుకే మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు అంటాను.

వాస్తవం ఇది. ఆ కాలపు నవలాకారుడు డికెన్స్ నవలలు సీరియళ్లలా విడి భాగాలుగా వెలువడేవి, వాటికి ప్రతిఫలం పదాల లెక్కన కాదు, భాగాల లెక్కన అందింది. 1836లో 'పిక్‌విక్ పేపర్స్' మొదలైనప్పుడు చాప్‌మన్ అండ్ హాల్ సంస్థతో కుదిరిన ఒప్పందం పదహారు పుటల ఫారానికి తొమ్మిది గినీలు (గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు), నెలకు ఫారమున్నర. కొద్ది నెలల్లోనే నెలవారీ భాగం ముప్పై రెండు పుటలు, రెండు బొమ్మలు, వెల ఒక షిల్లింగు అన్న రూపం స్థిరపడింది. తరువాతి పెద్ద నవలలు చాలావరకు అదే కొలతకు వచ్చాయి. పద్ధెనిమిది నెలలు ముప్పై రెండేసి పుటలు, చివరి నెల రెండు భాగాలు కలిపి నలభై ఎనిమిది పుటలు. కూడితే 624. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' తొలి ముద్రణలో 624 పుటలు, 'బ్లీక్ హౌస్' 624 పుటలు. అంటే మొదటి వాక్యం రాయకముందే చివరి పుట ఎన్నోదో రచయితకు తెలుసు. ఒక పేరా ఎక్కువ రాస్తే ఒక్క పెన్నీ ఎక్కువ రాదు సరికదా, ప్రూఫులో పుటలు మించిపోతే తాను రాసినదాన్ని తానే కోసెయ్యాలి. తక్కువైతే మరికొంత రాసి పుట నింపాలి. పైగా 1846లో మొదలైన 'డాంబీ అండ్ సన్' నాటికి ఆయన లాభాల్లో నాలుగింట మూడు వంతుల వాటాదారు. వాటా పెరిగేది అమ్ముడైన ప్రతులను బట్టి. పాఠకుడికి విసుగు పుట్టి వచ్చే నెల షిల్లింగు తీయకపోతే నష్టపోయేది ముందుగా ఆయనే.

వారపత్రికల్లో సీరియళ్లు చదివిన తరానికి ఇది వివరించనక్కరలేదు. 'సశేషం' అన్న మాట ఏ వాక్యం దగ్గర పడాలో తెలిసిన రచయితకే మరుసటి వారం పాఠకుడు ఉంటాడు.

ఈ అపోహను నేను కూడా చాలాకాలం మోశాను. చదువుకునే రోజుల్లో నోట్సులో రాసుకున్నదాన్నే ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్లూ తరగతిలో వల్లించాను. ఒక వేసవి సెలవుల్లో, ఏ భాగం ఎక్కడ ముగిసిందో గుర్తులు వేసిన 'బ్లీక్ హౌస్' ప్రతి ఒకటి నా చేతికి వచ్చింది. మొదటి పుట తెరిస్తే మొదటి వాక్యంలో ఉన్నది ఒకే ఒక్క పదం: లండన్. ఆ తరువాత పొగమంచు గురించిన ప్రసిద్ధమైన పేరా వస్తుంది. అందులోని వాక్యాల్లో ప్రధాన క్రియలే లేవు. పదానికి ఇంత అని పుచ్చుకునేవాడు నవలను ఇలా మొదలుపెడతాడా అని నాకు మొదటిసారి సిగ్గేసింది. ఆయన ప్రతి భాగానికీ ముందుగా వేసుకున్న ప్రణాళికలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. కాగితాన్ని రెండుగా విభజించి, ఒక వైపు తనను తాను వేసుకున్న ప్రశ్నలు, రెండో వైపు అధ్యాయాల క్రమం రాసుకున్నారు. ఫలానా పాత్రను ఇప్పుడు తేవాలా అని అడిగి, ఇప్పుడు వద్దు, వచ్చే భాగంలో అని తానే జవాబు రాసుకునేవారు. 1854లో సొంత వారపత్రిక కోసం 'హార్డ్ టైమ్స్' రాస్తున్నప్పుడైతే, చోటు చాలక నలిగిపోతున్నానని మిత్రుడు ఫోర్‌స్టర్‌కు ఉత్తరం రాశారు. సాగదీసే మనిషి మొర పెట్టుకునే తీరు అలా ఉండదు.

సాగదీత అన్న ఆరోపణ ఆ కాలంలో నిజంగా వర్తించే చోటు వేరే ఉంది. అది మూడు సంపుటాల నవల. దాని వెల 31 షిల్లింగుల 6 పెన్సులు కావడంతో మధ్యతరగతివాడు కొనలేక, 1842లో మొదలైన మ్యూడీ గ్రంథాలయం వంటి చోట ఏడాదికి ఒక గినీ చందా కట్టి, ఒక్కో సంపుటం తెచ్చుకునేవాడు. ఒకే నవలను ముగ్గురు చందాదారులకు తిప్పగలిగితే గ్రంథాలయానికి లాభం కాబట్టి, కథలో సత్తా లేకపోయినా మూడు సంపుటాలు నిండవలసి వచ్చేది. 1894లో గ్రంథాలయాలే ఆ పద్ధతిని వద్దనడంతో అది కొన్నేళ్లలో కనుమరుగైంది. డికెన్స్ భాగాలు అన్నీ కొన్నా ఇరవై షిల్లింగులే, అదీ పందొమ్మిది నెలల్లో.

ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థిని ఒకరు, నవల లావు చూస్తేనే చేతులు చల్లబడుతున్నాయని నాతో చెప్పింది. ఆ భయాన్ని నేను తక్కువ చెయ్యను. నా మొదటి ఇంగ్లీషు నవల నాకూ అలాగే కనిపించింది. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు ముప్పై ఆరు వారాలు వచ్చిందని చెప్పి, అలాగే వారానికి ఒక్క భాగమే చదవమన్నాను. మొదటి వారం రెండు అధ్యాయాలు, అంతే. దొంగిలించిన తిండి పట్టుకుని కథానాయకుడైన కుర్రాడు పిప్ మంచులో చిత్తడి నేలల వైపు పరుగెత్తడంతో ఆ భాగం ముగుస్తుంది. ఆ అమ్మాయి నాలుగో రోజున వచ్చి, తరువాతి భాగం చదివేశానని, మాట తప్పినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పింది. తరువాత ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆమెను ఈ నవల ముగింపు గురించి అడిగారు. తోటి నవలాకారుడు బుల్వర్ లిట్టన్ సలహా మీద డికెన్స్ ముగింపు మార్చారని, మొదటి ముగింపు ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో అచ్చయిందని, తనకు మొదటిదే నచ్చిందని కారణంతో సహా చెప్పిందట. సారాంశం చదివి వెళ్లినవాళ్లకు రెండు ముగింపులున్న సంగతే తెలియదు.

మిగతా అపోహలు చాలా ఉన్నాయి, వాటిపై నాకంత ఓపిక లేదు. టెన్నిసన్ 'ఇన్ మెమోరియమ్' డార్విన్‌కు సమాధానమని ప్రతి బిట్ బ్యాంకులోనూ కనిపిస్తుంది. ఆ కావ్యం 1850లో వచ్చింది, డార్విన్ గ్రంథం 1859లో. టెన్నిసన్‌ను కలవరపెట్టింది లయెల్ భూగర్భశాస్త్రం. ఆ కాలపు స్త్రీలందరూ మగ పేర్లతోనే రాయవలసి వచ్చిందన్నదీ నిజం కాదు. ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ సొంత పేరుతోనే రాశారు, 1850లో ఆస్థానకవి పదవికి ఆమె పేరును ప్రతిపాదించినవారూ ఉన్నారు. జేన్ ఆస్టిన్ విక్టోరియన్ కాదు. విక్టోరియా గద్దెనెక్కడానికి ఇరవై ఏళ్ల ముందే, 1817లో, ఆమె మరణించింది. హాప్కిన్స్‌ను ఇరవయ్యో శతాబ్దపు కవి అనుకోవడమూ పొరపాటే. ఆయన 1889లో మరణించిన విక్టోరియన్ కవి, కవితలు పుస్తకంగా రావడమే 1918లో జరిగింది. ఇక చైతన్య స్రవంతికి, అంటే పాత్ర మనసులో సాగే ఆలోచనలను వరుసగా రాసే పద్ధతికి, నవలాకారుడు జేమ్స్ జాయిస్ ఒక్కడే ఆద్యుడని రాసేవారు డొరొతీ రిచర్డ్‌సన్ 1915 నాటి నవలను ఒకసారి తెరవాలి. ఆ పారిభాషిక పదాన్ని 1918లో మే సింక్లెయిర్ వాడింది ఆమె నవలల గురించే.

చివరిది అపోహ కంటే బెంగ అనడమే సరి. ఇంగ్లీషు పుట్టుకతో రాకపోతే ఈ సాహిత్యం అందదని, నలుగురిలో మాట్లాడితే యాస బయటపడుతుందని తరగతిలో వెనక బెంచీలకు పరిమితమయ్యేవాళ్లకు నేను ఇంగ్లీషు నవలాకారుడు కాన్రాడ్ సంగతి చెబుతాను. 1857లో పోలిష్ కుటుంబంలో పుట్టి, పోలిష్, ఫ్రెంచి తరువాత ఇరవయ్యో ఏడు దాటాక ఓడల మీద ఇంగ్లీషు నేర్చుకుని, 1895లో తొలి నవల అచ్చు వేసుకున్నారు. మాట్లాడేటప్పుడు ఆయన నోట పోలిష్ యాస చివరి దాకా పోలేదు.