మౌన ప్రార్థన: మన దగ్గర వినబడే అపోహలు, అసలు సంగతులు

నేను మహబూబ్‌నగర్‌లో నర్సుని. శనివారం సాయంత్రం డ్యూటీ పడకపోతే కొద్దిమందిమి ఒకచోట చేరి, పాట లేకుండా, వాక్యం చెప్పేవాళ్లు లేకుండా కాసేపు దేవుని సన్నిధిలో కూర్చుంటాం. మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం వాళ్లున్నారు, క్యాథలిక్కులున్నారు, బైబిల్ మిషన్ అనే సంఘం నుంచి ఒక పెద్దాయన వస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎట్లా కూర్చోవాలో చెప్పే పని నా మీద పడింది కాబట్టి, మళ్లీ మళ్లీ వినబడే అపోహలకు ఇక్కడే జవాబు రాసేస్తున్నా. గొంతెత్తి చేసే ప్రార్థనకు నేను వ్యతిరేకిని కాను, అది ముందే చెప్తున్నా. ఉపవాస కూటంలో అందరికంటే నా గొంతే గట్టిగా వినబడుతుందని మా ఇంట్లో నవ్వుతారు కూడా.

అపోహ: ఇది మనది కాదు, యోగా నుంచి అరువు తెచ్చుకున్నది

ముందు వచ్చే అనుమానం ఇదే, అడిగేది కూడా ఎక్కువగా పాస్టర్లే. మూడు, నాలుగు శతాబ్దాల్లోనే ఐగుప్తు ఎడారిలో అంతోని లాంటి సన్యాసులు, వాళ్లతో పాటు స్త్రీలు కూడా, చిన్న చిన్న గుడిసెల్లో చేతిపని చేసుకుంటూ కీర్తనలు మనసులో నెమరువేసేవాళ్లు. జాన్ కాసియన్ అనే ఆయన అక్కడికి వెళ్లి, పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ మాటల్ని ఐదో శతాబ్దం మొదట్లో రాసిపెట్టాడు. ఆయన చెప్పిన పద్ధతి చాలా సింపుల్: 70వ కీర్తన మొదటి వచనం, "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము", దాన్ని పనిలో, ప్రయాణంలో, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వదలకుండా పట్టుకోవడం. తూర్పు దేశాల సంఘాల్లో వాడుకలో ఉన్న "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము" అన్న ప్రార్థన కూడా సుంకరి నోటి నుంచి, గుడ్డివాడైన బర్తిమయి కేక నుంచి వచ్చిందే.

"అదంతా క్యాథలిక్కులది కదా సిస్టర్" అంటారు ఇంకొందరు. కానీ ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథరే 1535లో తన క్షౌరశాల మిత్రుడికి ప్రార్థన ఎట్లా చేయాలో ఒక చిన్న పుస్తకంగా రాసిచ్చాడు. పరలోక ప్రార్థనను ఒక్కో మనవిగా తీసుకొమ్మంటూ, మధ్యలో పరిశుద్ధాత్మ ఏదైనా నేర్పడం మొదలుపెడితే మిగతా మాటలన్నీ ఆపేసి ఊరుకుని వినమన్నాడు. ఇక మా జిల్లాల సంగతికొస్తే, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో సంఘాలు కట్టినవాళ్లు, జడ్చర్లలో ఆసుపత్రి పెట్టినవాళ్లు మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు. ఆ మెన్నోనైట్లకు యూరప్‌లో ఉన్న పేరే "దేశమందు నెమ్మదిగా ఉన్నవారు", 35వ కీర్తనలోని మాట. మౌనం మనకు పరాయిదంటే నేనెట్లా ఒప్పుకోవాలి?

జాగ్రత్తలు లేవని కాదు. 1989లో వాటికన్ ఈ ధ్యాన పద్ధతుల గురించి ఒక లేఖ రాసి, ఒంటికి కలిగే హాయిని, వెచ్చదనాన్ని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణ అనుకుని పొరపడొద్దంది. నేను ప్రతి కొత్తవాళ్లకూ ఈ మాట చెప్తాను. ఊపిరి నెమ్మదించి బీపీ కాస్త తగ్గితే మంచిదే. కానీ దాన్ని సాక్ష్యంగా చెప్పుకోవద్దు.

అపోహ: మనసులో ఒక్క ఆలోచన కూడా రాకూడదు

అట్లా అయితే ఇంతవరకు ఎవరూ మౌన ప్రార్థన చేయలేదనే చెప్పాలి. కళ్లు మూసుకోగానే పిల్లల ఫీజు, కూలీల పైసలు, పొద్దున ఆడపడుచు అన్న మాట, ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిన పాలు, అన్నీ వరసగా వస్తాయి. నాలుగో శతాబ్దంలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ ఆలోచనల్ని ఎనిమిది రకాలుగా లెక్కేశాడు, తిండి మీద ఆశ దగ్గర మొదలుపెట్టి గర్వం దాకా. అవి రావడం, రాకపోవడం మన చేతుల్లో లేదు, వచ్చినవి అక్కడే మకాం వేయాలా వద్దా అన్నది మాత్రం మన చేతుల్లో ఉంది అని కూడా ఆయనే చెప్పాడు. మకాం వేసిందని ఎట్లా తెలుస్తుంది? ఆడపడుచు అన్న మాట గుర్తొస్తే అది ఆలోచన. ఆమెకు ఏం జవాబు చెప్పాలో మీరు డైలాగులు కూర్చుకుంటున్నారంటే మకాం వేసినట్టు. అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా, పట్టుకున్న ఆ చిన్న వాక్యం దగ్గరికి తిరిగి రావాలి. మళ్లీ పోతారు, మళ్లీ రావాలి. ఇరవై నిమిషాలూ ఇదే జరిగితే ప్రార్థన చెడిపోయిందని బాధపడతారు చాలామంది. ప్రార్థన జరిగిందనే నేనంటాను, తిరిగి రావడమే కదా మనం చేయగలిగింది.

స్పెయిన్‌లోని ఆవిలాకు చెందిన సన్యాసిని తెరేసా (1515-1582) పేరు వినే ఉంటారు. ప్రార్థన గురించి ఆమె కంటే లోతుగా రాసినవాళ్లు తక్కువ. అంతటి ఆమె కూడా కొన్నేళ్ల పాటు ప్రార్థనలో కూర్చుని గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూసేదాన్నని దాచుకోకుండా రాసింది.

అపోహ: నిశ్శబ్దంగా ఉండే గది, బోలెడు తీరిక ఉన్నవాళ్లకే కుదురుతుంది

"నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్న మత్తయి సువార్త మాట చూపించి, మాకు గది ఏదమ్మా అంటారు. నిజమే. రెండు గదుల ఇంట్లో ఆరుగురు, పక్కింట్లో టీవీ, పొద్దున్నే గుడి మైకు, మసీదు మైకు, ఆదివారం వస్తే మన మైకు మాత్రం తక్కువా? బొంబాయికో హైదరాబాద్‌కో బిల్డింగ్ పనికి పోయిన మన పాలమూరు వాళ్లయితే రేకుల షెడ్డులో పదిమందితో పడుకుంటారు. వాళ్లకు మౌనం లేదని ఎవరూ తీర్మానం చేయొద్దు.

మా గుంపులో ఒకావిడ సాయంత్రం పూట రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె చేసేది దగ్గరి నుంచి చూశాను. వేడినీళ్లతో పిండి కలిపి ముద్ద చేసి, చెయ్యి తడుపుకుని, ముద్దను తిప్పుకుంటూ తడుతుంది. తట్టినంతసేపు "యేసుక్రీస్తూ" అని, పెనం మీద వేసి పైన నీళ్లు తడిమేటప్పుడు "నన్ను కరుణించుము" అని. బయటికి పెదవి కూడా కదలదు. మధ్యలో గిరాకీ వస్తే లెక్క చూసి చిల్లర ఇస్తుంది, "అక్కా, ఇంకొంచెం ఎర్రగా కాల్చు" అంటే కాలుస్తుంది, మళ్లీ ముద్ద తీసుకోగానే వాక్యం మొదలు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. యుద్ధంలో కాలు దెబ్బతిన్న సైనికుడు, మఠంలో వంటవాడు, వంటపని చేయలేకపోయాక చెప్పులు బాగుచేసేవాడు. గిన్నెల చప్పుడు మధ్యన కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పటిలాగే దేవునితో ఉంటానన్నాడాయన. మా రొట్టెల అక్క ఆయన పేరు వినలేదు, వినాల్సిన అవసరమూ లేదు.

నా మటుకు నాకు వార్డులో చేతులు కడుక్కునే టైమే దొరుకుతుంది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య సబ్బు రుద్దుకుంటూ ఒక వాక్యం. నల్లా కట్టేసేసరికి అయిపోతుంది.

అపోహ: ఒకే మాట మళ్లీ మళ్లీ అంటే వ్యర్థమైన మాటలు

ప్రార్థనలో వ్యర్థమైన మాటలు వద్దని మత్తయి సువార్తలో యేసు అన్న మాట చూపించి ఇట్లా అంటారు. ఆయన వద్దన్నది ఎక్కువ మాట్లాడితే దేవుడు వింటాడనే లెక్కని. గెత్సేమనేలో ఆయనే "ఆ మాటలే" మూడోసారి చెప్పాడని మత్తయి రాశాడు. 136వ కీర్తనలో 26 వచనాలు, 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును". ఇంకేం చెప్పను.

అపోహ: శాంతి రాలేదంటే ఏదో తప్పుంది, పాపం దాచుకున్నట్టే

ఈ మాట మనుషుల్ని మస్తు పరేషాన్ చేస్తుంది. కోల్‌కతా మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు, ఏళ్ల తరబడి ఆమెకు ప్రార్థనలో చీకటి తప్ప ఏమీ తెలియలేదని లోకానికి తెలిసింది. ఆమె మాత్రం పొద్దున లేవడం, కూర్చోవడం, రోగుల దగ్గరికి పోవడం మానలేదు. పదహారో శతాబ్దంలో సిలువ యోహాను అనే స్పెయిన్ సన్యాసి ఈ చీకటి గురించే రాశాడు, సొంత మఠం వాళ్లే ఆయన్ని తొలేదోలో గదిలో పెట్టి తాళం వేశారు కూడా. అందుకే మా దగ్గర ఎవరినీ "ఏమనిపించింది" అని అడగను. ఇంట్లోవాళ్లతో కోపం ఏమైనా తగ్గిందా అని మాత్రం ఎప్పుడో ఒకసారి వాళ్ల ఇంట్లోవాళ్లనే అడుగుతాను, వాళ్లు అబద్ధం చెప్పరు.

నర్సుగా ఒక మాట. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే దాన్ని ఆత్మీయ చీకటి అని పేరు పెట్టి కూర్చోవద్దు. అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, పైసలు అడగరు. కొందరికి కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటే పాత దెబ్బలు, పాత భయాలు పైకి వచ్చి ఊపిరాడదు. అట్లాంటి వాళ్లను బలవంతంగా కూర్చోబెట్టడం తప్పు. నడుస్తూ, కళ్లు తెరుచుకుని, గట్టిగా చదువుకుంటూ చేయమంటాను.

అపోహ: మౌనం అంటే ఓర్చుకోవడం, ముఖ్యంగా ఆడవాళ్లు

దీనికి నాకు నిజంగా కోపం వస్తుంది. తాగొచ్చి కొట్టే మొగుడున్న ఇంటికి వెళ్లి "నోరు తెరవకు తల్లీ, మౌనంగా ప్రార్థించు, దేవుడే మారుస్తాడు" అని చెప్పి, చాయ్ తాగి వచ్చే పెద్దలున్నారు. వాళ్లు చెప్పేది మౌన ప్రార్థన కాదు, నోరు మూయించడం. బైబిల్‌లో సమూయేలు తల్లి హన్నాను చూడండి. ఆలయంలో ఆమె పెదవులు మాత్రం కదిలాయి, గొంతు వినబడలేదు, యాజకుడైన ఏలీ తాగి ఉందనుకుని గద్దించాడు. ఆమె తల వంచుకుని వెళ్లిపోలేదు. నేను తాగలేదయ్యా, మనోదుఃఖంతో ఉన్నాను అని ఎదురుగా నిలబడి చెప్పింది, అప్పుడు ఆయనే మాట మార్చుకున్నాడు. దేవుని ముందు మౌనంగా కూర్చున్న మనిషికే మనుషుల ముందు మాట్లాడే ధైర్యం వచ్చిందని నేను అనుకుంటాను. కొడుతుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, 2005 నాటి గృహహింస చట్టం ఉన్నది ఇందుకే. ప్రార్థన ఆ ఫోన్ తర్వాతైనా చేసుకోవచ్చు.

అపోహ: నిద్ర వస్తే పాపం

ఫ్రాన్స్‌లోని లిసియూకు చెందిన ఇంకో తెరేసా, ఆమె కూడా సన్యాసినే, ప్రార్థనలో నిద్రపోయేది. పిల్లలు నిద్రలో ఉన్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అని రాసుకుంది. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్లు ముందు పడుకోండి.

అపోహ: కోర్సు చేయాలి, గురువు కావాలి, ఫీజు కట్టాలి

ఫీజు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. 1970లలో అమెరికాలో ట్రాపిస్టులనే క్యాథలిక్ మఠానికి చెందిన కొందరు సన్యాసులు సామాన్యుల కోసం రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున కూర్చునే పద్ధతి ఒకటి నేర్పారు. మన వాళ్లకు పది నిమిషాలతో మొదలుపెట్టమంటాను. కుర్చీలోనో చాప మీదో, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీయే నయం. ఫోన్‌లో అలారం పెట్టి, డేటా ఆపేసి, ఫోన్ బోర్లా పెట్టండి. ఒక చిన్న వాక్యం ఎంచుకుని రోజూ మార్చకుండా అదే ఉంచండి. అలారం మోగగానే లేచి పరుగెత్తకుండా పరలోక ప్రార్థన నిదానంగా చెప్పి లేవండి. మీ సంఘ కాపరికి ఇట్లా చేస్తున్నామని చెప్పండి, ఆదివారం ఆరాధన మాత్రం మానకండి. ఆయన వద్దంటే కారణం అడగండి, వాక్యం తెరిచి ఇద్దరూ మాట్లాడుకోండి. మా గుంపులో ఇప్పుడు వచ్చే పాస్టరయ్య ఒకరు మొదట అట్లా గొడవ పెట్టుకోవడానికి వచ్చినాయనే.