చైనాటౌన్‌లో మంచూరియా దొరకదు: ఒక గైడు చెప్పే అపోహలు - వాస్తవాలు

శని, ఆదివారాల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో జనాన్ని నడిపించడం నా పని. రెండున్నర గంటల నడక, మధ్యలో రెండు ఏటవాలు రోడ్లు, ఓ గుడి మెట్లు. వచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన అమ్మానాన్నలు, వాళ్లకి ఊరు చూపించే ఓపిక లేక నాకు అప్పగించే పిల్లలు. అందరూ ఇంచుమించు అవే మాటలు మోసుకొస్తారు. కొన్ని యూట్యూబ్‌లో విన్నవి, కొన్ని సినిమాల్లో చూసినవి. నిజం చెప్పాలంటే కొన్ని మా గైడ్ల పుణ్యమే.

అపోహ: ఇది ప్రపంచంలోకెల్లా పాత చైనాటౌన్. ఆ డ్రాగన్ గేటు ఎన్ని వందల ఏళ్లదో!

గేటు కట్టింది 1970లో. "మా తెనాలిలో సినిమా హాళ్లు దీనికంటే పాతవి" అని ఒక పెద్దాయన తేల్చిపారేశారు. దానికి వేసిన పెంకులు తైవాన్ పంపింది. పైన కనిపించే నాలుగు అక్షరాలు, చైనాలో రాచరికం పోయాక తొలి అధ్యక్షుడైన సన్ యట్ సెన్ తరచూ రాసిన మాట, లోకం అందరిదీ అని అర్థం. ఇక పాతదనం అంటారా, మనీలాలోని బినోండో 1594 నాటిది. శాన్‌ఫ్రాన్సిస్కోది ఉత్తర అమెరికాలో పాతది. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికిందన్న కబురు పుట్టాక పోర్ట్స్‌మౌత్ స్క్వేర్ చుట్టూ మొదలైన పేట ఇది.

అపోహ: ఈ పగోడా కప్పులు అచ్చం చైనాలో ఉన్నట్టే కట్టారు.

ఇక్కడ నేను కాసేపు ఆగుతాను. గ్రాంట్ అవెన్యూ, కాలిఫోర్నియా వీధి కలిసే మూల మీద గుంపుని నిలబెట్టి రెండు భవనాలు చూపిస్తాను: సింగ్ ఫాట్, సింగ్ చాంగ్. పైకి చూస్తే చైనా గుడి. కిందికి చూస్తే అమెరికన్ ఇటుకల బిల్డింగు, మామూలు కిటికీలు. చదరంగా కట్టిన కొట్టు మీద గోపురం తెచ్చి బోర్లించినట్టుంటుంది.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5:12కి భూకంపం వచ్చింది. దాని వెనకే మంటలు లేచి చైనాటౌన్ మొత్తం బూడిదైంది. నగర పెద్దలకి ఇదే అదను అనిపించింది. ఊరి నడిబొడ్డున బంగారం లాంటి స్థలం, వీళ్లకెందుకు? ఊరి చివర హంటర్స్ పాయింట్‌కి తోలేద్దాం అని కమిటీ వేశారు. చైనా వర్తకులు రెండు పక్కల నుంచి నరుక్కొచ్చారు. అలాగైతే మా వ్యాపారం పట్టుకుని సియాటిల్‌కో పోర్ట్‌లాండ్‌కో పోతాం, మీ పన్నులు మీరే చూసుకోండి అన్నారు. చైనా ప్రభుత్వం కూడా మా కాన్సులేటు పాత చోటే కడతాం అంది. ఈలోపు లుక్ టిన్ ఎలై అనే వర్తకుడు మరో దారి పట్టాడు. తెల్లవాళ్లు చూసి ముచ్చటపడి డబ్బు ఖర్చుపెట్టేలా పేటను మార్చేస్తే ఇక ఎవరూ కదిలించరు అని అతని లెక్క. టి. పాటర్సన్ రాస్ అనే ఆర్కిటెక్టునీ, ఎ. డబ్ల్యూ. బర్గ్రెన్ అనే ఇంజనీరునీ పెట్టుకున్నాడు. ఇద్దరూ చైనా వాళ్లు కారు. పాశ్చాత్యుల ఊహలో చైనా ఎలా ఉంటుందో అలా కట్టించారు.

కాబట్టి ఆ కప్పుల్ని చూసి "నకిలీ" అని పెదవి విరిచే వాళ్లంటే నాకు కాస్త చిరాకు. ఖాళీ చేయిస్తారన్న భయంతో ఇంటికి వేసుకున్న వేషం అది. నూటపదిహేనేళ్లు దాటినా పనిచేస్తూనే ఉంది.

ఈ లుక్ టిన్ ఎలై పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

అపోహ: నేల కింద రహస్య సొరంగాలు, నల్లమందు కొంపలు ఉన్నాయి.

లేవు. 1906లో అంతా కాలి నేలమట్టమయ్యాక చూస్తే మామూలు సెల్లార్లే బయటపడ్డాయి. నల్లమందు వాడకం ఉండేది, అబద్ధం కాదు. అయితే దాన్ని షోగా మార్చింది మాత్రం మా వృత్తి పూర్వీకులే. 1890ల్లో గైడ్లు టూరిస్టుల కోసం కూలికి మనుషుల్ని పెట్టి నల్లమందు పీల్చినట్టు, కత్తులు దూసుకున్నట్టు నాటకాలు ఆడించేవారు. పాపం ఆ టూరిస్టులు వణుకుతూ డబ్బులిచ్చి వెళ్లేవారు. ఇప్పటికీ "సొరంగం చూపించరా?" అని అడిగేవాళ్లున్నారు. చూపిస్తే టిప్పు ఎక్కువ వస్తుందని నాకూ తెలుసు.

అపోహ: ఫార్చూన్ కుకీ చైనా మిఠాయి.

జపాన్‌ది. క్యోటో చుట్టుపక్కల గుళ్ల దగ్గర జాతకం చీటీ పెట్టి ఇలాంటి బిస్కెట్లు కాల్చేవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్ వాళ్లు వీటిని టీతో పాటు పెట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న వాళ్లని క్యాంపుల్లోకి తోలాక ఆ వ్యాపారం చైనా వాళ్ల చేతికి వచ్చింది. చైనా వెళ్లి అడిగితే ఇదేమిటని మొహం చూస్తారు.

అయినా రాస్ ఆలీలో 1962 నుంచి నడుస్తున్న కుకీల కొట్టు చూడకుండా రావద్దు. ఇరుకు గది, వనిల్లా వాసన. చిన్న చిన్న గుండ్రటి పెనాలు గిర్రున తిరుగుతూ వస్తుంటాయి, ఒక్కో దాని మీద అరచేతిలో సగమంత దోసె. కూర్చున్నామె దాన్ని వేళ్లతో లాగుతుంది, చీటీ పెడుతుంది, సగానికి మడుస్తుంది, ఇనుప కడ్డీ మీద నడుం విరుస్తుంది. ఇదంతా మీరు రెప్ప వేసి తీసేలోపే. చల్లారితే మడత పడదు, పుటుక్కున విరుగుతుంది. ఆత్రేయపురంలో పూతరేకు మడిచే చేతులు చూసినవాళ్లకి ఈ వేగం కొత్తకాదు. కాకపోతే ఇక్కడ వేళ్లు కాలుతుంటాయి.

అపోహ: వీళ్లంతా మాట్లాడేది చైనీస్, "నీ హావ్" అంటే సరిపోతుంది.

మొదట వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్షిణ చైనాలో పెర్ల్ నది డెల్టాలోని నాలుగైదు తాలూకాల వాళ్లు. టోయ్‌సాన్ నుంచి ఒకడొస్తే వెనకే బావమరిది, వాడి వెనక పినతండ్రి కొడుకు. ఈ ఊరి చుట్టుపక్కల, బే ఏరియాలో మనం చేసిందీ అదేగా. అందుకే ఇక్కడ పెద్దవాళ్ల నోట టోయ్‌సానీస్, కాంటనీస్ వినిపిస్తాయి. నీ హావ్ మాండరిన్ మాట. కూరగాయల కొట్లో టోయ్‌సాన్ బామ్మతో అది అంటే, గుంటూరు మామ్మని "నమస్తే జీ, కైసే హో" అని పలకరించినట్టుంటుంది. కోపగించుకోదు, దగ్గరకీ రాదు. పొద్దున పూట "జో సన్" అనండి, ఏదైనా ఇస్తే "ఎమ్ గోయ్" అనండి. చిల్లర ఇచ్చేటప్పుడు మొహంలో తేడా తెలుస్తుంది.

ఈ భాషల ముచ్చటలో నాకిష్టమైన చోటు వాషింగ్టన్ వీధి 743. ఇప్పుడు బ్యాంకు. 1909 నుంచి 1949 దాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. ఇక్కడివాళ్లు నంబరు చెప్పి ఫోను కలపమనేవారు కాదు, మనిషిని అంకెతో పిలవడం మర్యాద కాదని. పేరు చెప్పేవారు. ఒకే పేరుతో పదిమంది ఉంటే ఫలానా వీధిలో మందుల కొట్టాయన అనేవారు. ఆపరేటర్లు ఆ పేర్లు, నంబర్లు, ఎవరు ఎక్కడ ఉంటారో అంతా నోటికి పట్టి, ఏ యాసలో అడిగితే ఆ యాసలో జవాబిచ్చేవారు. డయల్ ఫోన్లు వచ్చాక మూతపడింది.

అపోహ: చైనా వాళ్లకి వాళ్లలో వాళ్లు ఉండటమే ఇష్టం, అందుకే ఇలా గుంపుగా ఉన్నారు.

ఇది చాలామంది సౌమ్యంగా, తప్పేముంది అన్నట్టు అంటారు. అందరికీ ఒకటే చెబుతాను: బయట ఇల్లు దొరికితే కదా. 1882లో చైనీస్ ఎక్స్‌క్లూజన్ చట్టం వచ్చి కూలీలకి తలుపు మూసింది. 1943 దాకా తెరవలేదు, తెరిచాక కూడా ఏడాదికి 105 మందికే. చైనా నుంచి వచ్చి ఇక్కడున్నవాళ్లకి పౌరసత్వం రాదు. బయటి పేటల్లో ఇళ్ల దస్తావేజుల్లోనే వీళ్లకి అమ్మకూడదని రాసుకునేవారు. 1900లో ప్లేగు వచ్చినప్పుడు ఒక్క చైనాటౌన్ చుట్టూనే తాళ్లు కట్టి క్వారంటైన్ చేశారు, మధ్యలో తగిలిన తెల్లవాళ్ల కొట్లని జాగ్రత్తగా తప్పించి మరీ.

ఊరు కాలినప్పుడు పుట్టుక రికార్డులు కూడా కాలాయి. ఇదొక్కటే కలిసొచ్చింది. నేను ఇక్కడే పుట్టిన పౌరుణ్ణి, చైనాలో నాకు కొడుకులున్నారు, వాళ్లనీ రానివ్వండి అని చెప్పుకునే వీలు దొరికింది. లేని కొడుకుల పేర్లు అమ్ముడుపోయేవి. కాగితపు కొడుకులు అనేవారు. వాళ్లని పట్టుకోవడానికి 1910 నుంచి 1940 దాకా ఏంజెల్ ఐలాండ్‌లో ఆపి ప్రశ్నలేసేవారు. మీ ఇంటికి ఎన్ని మెట్లు? బియ్యం డబ్బా ఏ గదిలో? పక్కింటి వాళ్ల వాకిలి ఎటు చూస్తుంది? నాన్న చెప్పిన జవాబుకీ కొడుకు చెప్పినదానికీ తేడా వస్తే ఓడెక్కించడమే. పంజాబ్ నుంచి వచ్చిన మనవాళ్లని కూడా అదే దీవిలో ఆపారు.

అపోహ: ఈ చరిత్రతో మనకేం పని?

ఇలా పైకి అనరు, ఫోను చూసుకోవడం మొదలుపెడతారు. అప్పుడు నేను శాక్రమెంటో వీధిలో ఆగుతాను. పాత కాంటనీస్ వాళ్లు దీన్ని టాంగ్ యన్ గాయ్ అంటారు, టాంగ్ మనుషుల వీధి, అంటే చైనా వాళ్ల వీధి.

ఈ వీధిలో 751 నంబరు ఇంట్లో 1873లో వాంగ్ కిమ్ ఆర్క్ పుట్టాడు. వంటవాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కావు అని ఓడరేవులో ఆపేశారు. వాళ్ల అమ్మానాన్నలకి పౌరసత్వం తీసుకునే హక్కే లేని రోజులు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. అమెరికా నేల మీద పుట్టాడు కాబట్టి పౌరుడే అని 1898లో 6-2తో తీర్పొచ్చింది. హెచ్-1బి మీద ఉన్న తల్లిదండ్రులకి పుట్టిన మన పిల్లల చేతిలోకి అమెరికా నీలం పాస్‌పోర్టు వచ్చింది ఆ దారినే. 2025 జనవరిలో పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని ఇలాంటి పిల్లలకి ఆపాలని ట్రంప్ ఆర్డర్ ఇచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు లాయర్లు ముందుగా తీసింది ఈ వంటవాడి కేసే.

లుక్ టిన్ ఎలై మళ్లీ వస్తాడన్నానుగా. కాలిఫోర్నియాలోని మెండోసినోలో పుట్టిన ఆయన కూడా, చిన్నప్పుడు చైనా వెళ్లి 1884లో తిరిగొస్తే ఇలాగే ఆపేశారు. కోర్టుకెక్కి నెగ్గాడు. ఇరవై ఏళ్ల తర్వాత పేటనే ఖాళీ చేయిస్తామంటే అంత తెలివిగా అడ్డం తిరిగాడంటే ఆశ్చర్యమేముంది.

ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోతాయి. ప్రతిసారీ.

అపోహ: అసలైన చైనాటౌన్ కదా, మంచూరియా బ్రహ్మాండంగా ఉంటుంది.

ఉండదు. మంచూరియా మన దేశపు బిడ్డ. కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటాయన 1975లో ముంబయిలో పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి వేసి సోయా సాస్ కలిపి పుట్టించిన వంటకం అది. గ్రాంట్ అవెన్యూలో "గోబీ మంచూరియా" అడిగితే గోబీ ఎడారి గురించి అడుగుతున్నారనుకుంటారు.

శాకాహారులకి ఒక మాట. "వెజిటబుల్" అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఆకుకూర మీద పోసేది చాలాచోట్ల ఆయిస్టర్ సాస్, సూప్‌కి కోడి రసం, కొన్ని బేకరీ ఐటమ్స్‌లో పంది కొవ్వు. "జాయ్" అని అడగండి. బౌద్ధుల శాకాహారం అది, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. మా గ్రూపులో కార్తీకమాసం నియమం పాటించే ఒకావిడ లో హాన్ జాయ్ తిని, ఉప్పు తక్కువైందన్న ఒక్క ఫిర్యాదుతో సరిపెట్టారు.

కొనుక్కునేవి గ్రాంట్ మీద కాదు, ఒక వీధి అవతల స్టాక్టన్ మీద కొనండి. ఊళ్లోవాళ్లు బేరం చేసేది అక్కడే. శనివారం పొద్దున మోచేతులకి పని చెబితే గానీ ముందుకి కదల్లేరు.

అపోహ: ఇదంతా టూరిస్టుల కోసం పెట్టిన సెట్టింగు.

తలెత్తి చూడండి. కొట్ల పైన మూడు, నాలుగు అంతస్తుల్లో మనుషులున్నారు. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గది. వంటిల్లు, స్నానాలగది వరండాలో అందరికీ ఉమ్మడి. ఒక్కో గదిలో ఒక కుటుంబం ఉన్న సందర్భాలున్నాయి. పోర్ట్స్‌మౌత్ స్క్వేర్‌లో పేకాడే పెద్దవాళ్లకి అదే హాలు, అదే వరండా. అందుకని ఒక్క షరతు పెడతాను: కిటికీల్లోకీ, ఆరేసిన బట్టల వైపూ, పేకాట బల్లల మీదికీ కెమెరా వద్దు. ఒకసారి మా గుంపులో ఒకతను పేకాడుతున్న ముసలాయన ముఖం ముందుకి ఫోను పెట్టాడు. ఆయన ఏమీ అనలేదు, ముక్కలు బోర్లించి లేచి వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురి ఆటా చెడింది. ఆ రోజు నేను ముందే చెప్పి ఉండాల్సింది.

నడక వేవర్లీ ప్లేస్‌లో ఆపుతాను. అక్కడ 125 నంబరు భవనంలో టిన్ హావ్ గుడి ఉంది, 1852 నుంచి ఉన్నట్టు చెబుతారు. సముద్రం మీద వెళ్లేవాళ్లని కాపాడే తల్లి, మన జాలర్లకి గంగమ్మ ఎలాగో అలాగ. పై అంతస్తులో ఉంటుంది, లిఫ్టు లేదు, లోపల ఫొటోలు తీయనివ్వరు. పోయిన నెల ఓ ఏలూరు ఆంటీ మెట్ల దగ్గర ఆగితే, "కష్టమైతే కింద కూర్చోండి ఆంటీ" అన్నాను. "అలిపిరి నుంచి రెండుసార్లు ఎక్కినదాన్నమ్మా" అంటూ నన్ను పక్కకి జరిపి ఎక్కారు. పైన గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతుంటే ఇక్కడ అక్కర్లేదన్నాను. "నాకు అలవాటు" అని గోడ వారగా విడిచి లోపలికి వెళ్లారు. వెనక వచ్చిన నలుగురూ విప్పారు. అగరుబత్తీలు అమ్ముతున్న ముసలావిడ ఆ ఐదు జతల వంకా, మా వంకా చూసి, లేచి దారికి అడ్డం రాకుండా కాలితో ఓ పక్కకి సర్దింది.